తోటికోడలి జ్వరం

జ్వరానికి కూడా పెట్టి పుట్టాలి. మా తోటికోడలు డెంగీతో అనకాపల్లి ఆస్పత్రిలో పడుకున్నప్పుడు నాకు జాలి వెయ్యలేదు, కడుపు మండింది.

మరిదిది అచ్యుతాపురంలో కంపెనీ ఉద్యోగం కాబట్టి వాళ్ళు టౌన్లో అద్దెకుంటారు. కుళాయి రోజూ రాదు. ఇంటి నిండా నీళ్ళ డ్రమ్ములు, డ్రమ్ముల నిండా దోమలు. ఆమెకు జ్వరమని ఫోన్ రాగానే, కొండకర్లలో మా దగ్గరుండే అత్త కట్టుబట్టలతో బయల్దేరిపోయి ఆమె మంచం పక్కన కూర్చుంది. నాకు మాత్రం ఓ పని అప్పజెప్పింది. పొద్దున్నే మా పెరట్లో లేత బొప్పాయాకులు కోసి ఆటోలో పట్టుకెళ్ళాలి. పసరు తాగితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయట. డాక్టరు తాగమననూ లేదు, వద్దననూ లేదు. మరిది కివీ పళ్ళు తెచ్చాడు, ఆ పేరు వినడం నాకదే మొదలు. చుట్టాలంతా ఫోన్లు చేసి ప్లేట్‌లెట్లు ఎంతకొచ్చాయని అడుగుతుంటే, క్లాసు ఫస్టొచ్చిన పిల్ల మార్కులు అడిగినట్టే ఉండేది. ఆఖరికి ఆమె వీధికి దోమల మందు కొట్టే పొగబండి కూడా వచ్చి వెళ్ళింది. నేను ఆకులు మోస్తూనే ఉన్నాను, లోపల కుళ్ళుకుంటూనే ఉన్నాను.

మరి నాకో? నేను కాపురానికొచ్చిన కొత్తలో మా వైపు మలేరియాదే రాజ్యం. వానలు పడితే చాలు, ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు వణికేవారు. మందు కొట్టేవాళ్ళొచ్చి గోడలన్నీ తెల్ల మరకలు చేసి పోయేవారు. నర్సమ్మ వేలికి సూది గుచ్చి గాజుపలక మీద రక్తం తీసుకునేది. చేదు మాత్రలు మింగి పనిలోకి పోవడమే. రోజు విడిచి రోజు వచ్చే జ్వరం కదా, రాని రోజున మనిషి బాగున్నట్టే లెక్క. వచ్చిన రోజున కూడా మా అత్త, "సలిజొరమేగా, అందరికీ వత్తాది. లెగు, ఊడుపుకి టైమైపోతంది" అనేది. పళ్ళు టకటకలాడుతుంటే నాట్లెయ్యడానికి బురదలోకి దిగేదాన్ని.

రానురాను ఆ జ్వరం తగ్గిపోయింది. దోమతెరలిచ్చారు, అక్కడికక్కడే తేల్చి చెప్పే కిట్లొచ్చాయి. ఒక్కో ఏడు ఊళ్ళో ఎవరికీ రాలేదు. అది ఖాళీ చేసిన చోట్లో టౌను వైపు నుంచి ఈ డెంగీ వచ్చి కూర్చుంది, ఇదిగో ఈ మర్యాదలన్నీ వెంటేసుకుని.

ఒకరోజు ఆకుల సంచీ ఇస్తూ ఇక ఆగలేకపోయాను. తోటికోడలు నిద్రలో ఉంది. అత్త ఆమెకు తడిగుడ్డ వేస్తోంది.

"నాకు సలిజొరం వచ్చినప్పుడు ఒక్కపాలైనా ఇలాగ కూకున్నావేటి అత్తా?" అన్నాను.

అత్త గుడ్డ పిండుతూనే ఉంది. "నీకొచ్చిన రోజుల్లో నాకూ వచ్చీదే. ఇద్దరం మంచమెక్కితే ఊడుపు ఎవులు సేత్తారు? అందుకే సెప్పలేదు."



"సెప్పుంటే ఇద్దరం ఒక దుప్పట్లోనే వణికీవోళ్లం గదా" అన్నాను.

అత్త గుడ్డ తడిపి మళ్ళీ తోటికోడలి నుదుటి మీదే వేసి, చెయ్యి అక్కడే ఉంచింది. కోపం పోయింది గానీ కుళ్ళు పోలేదు. ఆ చెయ్యి ఒక్కసారి నా నుదుటి మీద పడాలంటే, ఇప్పుడు మా ఊళ్ళో మలేరియా కూడా లేదు.