లిమ్ టీచర్ చెప్పమన్న మాట

పోయిన నెల ఇక్కడ మలేషియాలో, క్లాంగ్‌లో, ఒక చిత్రప్రదర్శనకి ఇద్దామని లిమ్ టీచర్ పోయేముందు నాకిచ్చిన బొమ్మల రేకుపెట్టె తెరిచాను. మసీ కర్పూరమూ కలిసిన సిరా వాసన గుప్పుమంది.

మా సొంతూరు తెలుక్ ఇంటాన్‌లో ఆవిడది మా పక్కిల్లు. అక్కడే పుట్టి, బొమ్మలు నేర్చుకోవాలని పద్దెనిమిదో ఏట ఓడెక్కి చైనా వెళ్ళి, జుట్టు సగం నెరిశాక తిరిగొచ్చిన మనిషి. నేను బడినుంచి రాగానే కూచోబెట్టి వెదురాకుల బొమ్మలు వేయించేది. గీత వణికితే కాగితం చింపనిచ్చేది కాదు, ఆ వణుకు పక్కనే ఇంకో ఆకు వెయ్యమనేది. తను మాత్రం ఎడమచేత్తో వేసేది. ఎందుకని అడిగితే కుడిచెయ్యి చాపి చూపించింది. మూడు వేళ్ళు వంగవు.

నాకు ఉద్యోగం వచ్చాక ఒక సాయంత్రం మిగతాది చెప్పింది. సాంస్కృతిక విప్లవం రోజుల్లో, ఆవిడ పనిచేసే కళాశాలలో విద్యార్థులే చేతులకి ఎర్రపట్టీలు కట్టుకుని బొమ్మలన్నీ వాకిట్లో పోగేసి తగలబెట్టారు. వాడిన తామరలు వేసి దేశాన్ని వెక్కిరించాడంటూ ఆవిడ గురువుని, ముసలాయన్ని, మోకాళ్ళమీద నిలబెట్టారు. ఆయన్ని తిట్టమని ఆవిడని ముందుకు తోశారు.

"తిట్టాను. అందరికంటే గట్టిగా. ఆయన తలెత్తలేదు. ఆ వారంలోనే పోయాడు" అంది.

తిట్టినా ఆవిడని వదల్లేదు. ఆ తర్వాత ఆవిడ చేతిని బూట్లతో తొక్కారు.

"నేను పోయాక నా బొమ్మలు ఎవరికైనా చూపిస్తే ఇదీ చెప్పు. నన్ను మంచిదాన్ని చెయ్యకు."

బొమ్మల పక్కన పెట్టే కాగితంలో ఇదంతా రాశాను. నిర్వాహకుడు తీసెయ్యమన్నాడు. చైనా నుంచి అతిథులు వస్తున్నారట. 'కష్టకాలంలో జీవించారు' అంటే చాలట. కష్టకాలమట! అదేమన్నా కరువా, వరదా? కాలం వచ్చి తొక్కిందా ఆ వేళ్ళని? మనుషులు తొక్కారు. తొక్కమని పైనుంచి చెప్పినవాళ్ళూ మనుషులే.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. "ఆయమ్మే సెప్పమన్నాది గదా. తీసీమనడానికి ఆళ్ళెవులే?" అంది.

మర్నాడు వెళ్ళి పదకొండు బొమ్మలూ గోడలమీంచి దింపి తెచ్చేశాను. తెలుక్ ఇంటాన్‌లో ఒక చిన్న హాలు అడిగి తీసుకుని, ఆ కాగితంతో సహా రెండు రోజులు పెట్టాను. వచ్చినవాళ్ళు కొద్దిమందే. కాగితం అందరూ చదివారు.

నా కోపం చల్లారలేదు. చల్లార్చుకోవాలనీ లేదు. ఇదంతా చెప్పిన ఆ సాయంత్రమే టీచర్ నా చెయ్యి పట్టుకుని తన గురువు పేరు దిద్దించింది. చైనా భాషలో నాకు వచ్చినవి ఆ మూడు అక్షరాలే. ఆయన ముఖం ఎలా ఉంటుందో తెలియదు. పేరు మాత్రం తప్పు లేకుండా రాస్తాను.