తొక్కల గుంట దగ్గర వేట

అడవిపందిని కొట్టడానికి మనిషి టోపీ ఎందుకు పెట్టుకోవాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పందికి టోపీ మీద గౌరవమేమీ ఉండదు. అయినా మా బావ తోపుకు వేటకని వచ్చే ప్రతివాడూ టోపీతోనే కారు దిగేవాడు. ఆకులూ కొమ్మలూ అచ్చేసిన చొక్కా, అదే గుడ్డతో ప్యాంటు, మోకాళ్ళదాకా బూట్లు. జంతువుకు కనబడకుండా ఉండటానికట. వానకు ముందు మా మామిడితోపుల్లో నేలంతా ఎర్రమన్నూ ఎండుటాకులే. ఆ పచ్చచొక్కా మనిషి రోడ్డు మీద బస్సులో పోయేవాళ్ళకు కూడా కనబడేవాడు.

బావ అంటే మా ఆయన పెదనాయన కొడుకు. చిత్తూరు పక్కనే మా ఊరు. బావకు పెద్ద తోతాపురి మామిడి తోపు ఉంది, దాన్ని ఆనుకుని మా వేరుశనగ చేను, మధ్యలో ఒక ముళ్ళకంచె. తోతాపురికి ధర పడిపోయిన ఏడు బావకు కొత్త బుద్ధి పుట్టింది. పంట పాడుచేసే పందులను కొట్టడానికి ఆయన అనుమతి తెచ్చుకున్నాడు. చూడవచ్చిన అధికారులకు పందులు పెకలించిన మా చేనే చూపించాడు. పాడైన చేను మాది, తుపాకీ ఆయనది. దాన్ని తిరుపతి నుంచీ బెంగుళూరు నుంచీ వచ్చే డబ్బున్నవాళ్ళ చేతికిచ్చి, పక్కనే నిలబడి వేట ఆడించడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళకు పల్లె భోజనం పెట్టాలి. బావ భార్య పిల్లల చదువుల పేరుతో తిరుపతిలో కాపురం. సంగటీ, నాటుకోడి పులుసూ నేను చేస్తానని మా ఆయన నన్ను అడక్కుండానే ఒప్పుకుని వచ్చాడు.

ఆ చేను సంగతి చెప్పాలి. వరసగా కొన్నేళ్ళు వాన లేక ఎండింది, వాన పడిన ఏడు పందుల పాలైంది. నేను చెప్పే ఏడు, విత్తనానికి ముందే మా ఆయన అన్నం తిని చేయి కడుక్కుంటూ చెప్పేశాడు.

"ఈ యేడన్నా కాయ ఇంటికి రాకపోతే చేను అన్నకిచ్చేస్తా. మామిడి పెట్టుకుంటాడు. మాటిచ్చినా."

చేను మా అత్త నా చేతిలో పెట్టి పోయింది. ఆయనకు దాని గట్లు ఎన్నో కూడా తెలియదు. మాటిచ్చినాడట. మాట ఇవ్వడానికి ఖర్చేమీ కాదు కాబట్టి మా ఇంట్లో మగవాళ్ళు అది ధారాళంగా ఇస్తారు. నేను దాచుకున్న విత్తనం నేనే వేశాను. ఎన్నడూ లేనిది ఆ ఏడు వాన వేళకు పడింది. పూత పూసి ఊడలు మట్టిలోకి దిగాయి. చెట్టు పీకి చూస్తే చిన్న చిన్న కాయలు, పాలు కూడా ఆరలేదు. కాయ ముదిరి ఇంటికి చేరితే చేను నాది, చేరకపోతే బావది. నా ప్రాణమంతా అందులోనే ఉండేది.

విచిత్రమేమిటంటే ఆ ఏడు పందులు మా చేలోకి రాలేదు. మొదట దేవుడి దయ అనుకున్నాను. తర్వాత ఒక సాయంత్రం గడ్డి కోసుకుంటూ కంచె దాకా పోయి చూస్తే, దయ ట్రాక్టరులో వస్తోంది. జ్యూసు ఫ్యాక్టరీలో మిగిలిన మామిడి తొక్కలూ టెంకలూ ట్రాక్టరుతో తెచ్చి బావ తోపు చివరి గుంటలో పోయిస్తున్నాడు. ట్రాక్టరు శబ్దం వినబడగానే వాగు వైపు పొదల్లోంచి పందులు బయటికొచ్చాయి. తల్లులూ పిల్లలూ వరసపెట్టి, పెళ్ళి పంక్తికి వచ్చినట్టు వచ్చాయి. నున్నగా బలిసి ఉన్నాయి. మా ఇళ్ళలో ఎవరికీ అంత ఒళ్ళు లేదు.

మర్నాడు బావను అడిగాను.

"అన్నీ ఒక్క తావుకే వస్తావుండాయి కదా బావా. అనుమతి ఉండాది, తుపాకీ ఉండాది. వరసగా కొట్టేస్తే పీడ పోతాది కదా."

బావ నవ్వాడు. ఆయన నవ్వు ఎప్పుడూ అవతలివాడు చిన్నపిల్లవాడన్నట్టుగా ఉంటుంది.

"అన్నీ కొట్టేస్తే వచ్చే యేడు వచ్చేవాళ్ళకు ఏం సూపిచ్చాలమ్మా? నీకేం తక్కువ? నా తొక్కలు తిని నీ చేలోకి రాకుండా ఉండాయి. సంతోషపడు."

"తొక్కలు అయిపోతే?"

"అయిపోయినప్పుడు సూద్దాంలే. గమ్మునుండు."

ఫ్యాక్టరీ ఆవణి నెలతో, మామిడి కాలం అయిపోగానే మూతపడుతుంది. మా కాయ ముదిరేది ఆ తర్వాతే. బలిసిన మందకు మేత ఆగిపోయిన రోజు కంచె అవతల ఏముందో దానికి ఒకరు చెప్పాలా? బావకు ఈ లెక్క తెలియదని నేను అనుకోను. కంచే చేను మేసిందంటారు. ఇక్కడ కంచె దగ్గరుండి పందులను సాకింది.

ఆ సీజనుకు చివరగా వచ్చినవాడు తిరుపతిలో ప్లాట్లు అమ్ముకునే పెద్దమనిషి. వంట పట్టుకుని నేనూ తోపులోకి పోయాను. గుంటకు ఎదురుగా చింతచెట్టుకు బావ మంచె కట్టించాడు. మా పెద్దవాళ్ళు చేను కాపలాకు కట్టుకున్న మంచె నాలుగు గుంజలు, ఒక నులక. దీనికి మెట్లు, పరుపు, కూల్‌డ్రింకులు పెట్టుకోవడానికి ఒక అర. పెద్దమనిషి ఎక్కడానికి ఇద్దరు వెనక నుంచి తోశారు. ఆయన ఒంటి నుంచి వచ్చే సెంటు వాసన నా పులుసు వాసనను కూడా మింగేసింది.

మా ఆయన కింద నిలబడి మెల్లగా, ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడనంత వినయంగా చెబుతున్నాడు.

"కదలగాకండి సార్. వాసన పట్టినాయంటే ఆడికాడికే మళ్ళుకుంటాయి. నిండా తెలివైన జంతువులు."

ఆ తెలివైన జంతువులను పిలవడానికి బావ ట్రాక్టరు స్టార్టు చేయించాడు. పెద్దమనిషికి అనుమానం వచ్చింది.

"ఇంత సౌండుకు భయపడవాండీ?"

"ఇవి ధైర్యమైన పందులు సార్," అన్నాడు బావ.

నాకు నవ్వొచ్చింది, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మా పెరట్లో కోళ్ళకు నూకలు చల్లేముందు నేను కూడా ఇట్లాగే పిలుస్తాను. పొద్దు వాలుతుండగా పందులు వచ్చాయి, తొక్కల్లో మూతులు పెట్టాయి. పెద్దమనిషి తుపాకీ ఎత్తాడు. ఒళ్ళంతా ఊగుతోంది. మొదటి దెబ్బ గుంటలో టెంకలకు తగిలింది. రెండోది ఒక ఆడపంది నడుముకు తగిలింది. అది అరుస్తూ వెనకకాళ్ళు ఈడ్చుకుంటూ కంచె దూరి మా చేలోకి వచ్చి పడింది. ఆ అరుపు నేను మరిచిపోలేదు. నా పంట తినేదే అయినా దానికి అట్లాంటి చావు నేను కోరలేదు. బావే పోయి దాని ప్రాణం తీశాడు. అంతా చల్లబడ్డాక పెద్దమనిషి మంచె దిగి వచ్చి, కదలకుండా పడున్న దాని మీద ఇంకో తూటా పేల్చాడు. చచ్చిన పామును చంపిన మొనగాడు అప్పటిదాకా సామెతలోనే ఉండేవాడు. ఆ రోజు ఎదురుగా చూశాను.

తర్వాత ఫొటోలు. పంది మీద కాలు పెట్టి ఒకటి, పక్కన కూర్చుని ఒకటి. వెలుగు చాలలేదు. ముఖం నల్లగా పడుతోందని ఆయన నొచ్చుకున్నాడు. బావ వెంటనే చేయి ఊపాడు, ట్రాక్టరు కంచె విరగ్గొట్టుకుని మా చేలోకి దిగింది, లైట్లు వేసింది. చక్రాల కింద ఊడలు దిగిన చెట్లు నలిగిపోతున్నాయి. నేను ఎదురుగా పోయి నిలబడ్డాను.

"బండి ఎనక్కి తియ్యమను బావా."

"ఒక్క నిమిషం పాపా. సారు ఫోటో."

"ఫోటో నీ తోపులో తీసుకో. ఇది పైరు."

బావ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం గమ్మునుండమని, నాకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. ఫొటో అయ్యేదాకా బండి కదల్లేదు.

మా ఊళ్ళో వేటకు ఒక పద్ధతి ఉంది. పందిని కొడితే మామిడి మండలు పరిచి మాంసం పోగులు వేస్తారు. కొట్టినవాడికి తల. కుక్కలకు పేగులు. పంది ఎవరి చేలో పడితే వాళ్ళకు ఒక తొడ. ఆ తొడను చేను పాలు అంటారు. అందులో ఒక మెలిక ఉంది. చేను పాలు తీసుకున్నవాళ్ళు తర్వాత పైరు పోయిందని పంచాయితీకి ఎక్కకూడదు. తీసుకోనివాళ్ళు ఊరిని కూర్చోబెట్టి అడగొచ్చు. పెద్దవాళ్ళు తొక్కిన పైరుకు పెట్టుకున్న న్యాయం ఇది. మంచిదే. ఒక పందిని తరుముతూ నలుగురు తొక్కినంత పైరుకు అది సరిపోతుంది.

అందుకే నేను ఇంటికొచ్చి తలుపు దగ్గరే చెప్పాను.

"ఆ తొడ మన గడప తొక్కకూడదు. రేపు ఊరిని కూర్చోబెడతా. మంద మొత్తం కొట్టాలని అడగతా."

"సరే సరే," అన్నాడు మా ఆయన.

నేను స్నానం చేసి వచ్చేసరికి ఇంట్లో పెద్ద బేసిని కనబడలేదు. తొడతో తిరిగొచ్చింది. దాన్ని పట్టుకున్న ఆయన ముఖం చూడాలి. ఊరందరి ఎదుట పేరు పెట్టి పిలిచి, ముందుగా ఆయన పోగే ఇచ్చారట. తిరుపతి పెద్దమనిషి చేయి కూడా కలిపాడట.

"వద్దన్నాను కదా."

"ఇచ్చినదాన్ని వద్దంటే అన్నకు అవమానం కాదా? ఊరందరిదీ ఒక దారి, నీదొక దారి. కారం నూరు."

నేను నూరలేదు. ఆయనే నూరుకున్నాడు, వండుకున్నాడు, తెలిసినవాళ్ళను నలుగురిని పిలిచి పెట్టాడు. ఉప్పు ఎక్కువైందని అందరూ అన్నారు, అందరూ రెండోసారి వడ్డించుకున్నారు. కొన్నేళ్ళుగా ఒక చేనును ఆశపెట్టుకుని బతుకుతున్న ఆడదాని న్యాయం ఆ పూట వాళ్ళ పళ్ళ సందుల్లో ఇరుక్కుంది. నాకు కోపం కంటే అసహ్యం ఎక్కువ కలిగింది. అది ఇంకా పోలేదు, పోవాలని నేను కోరుకోవడం లేదు.

ఫ్యాక్టరీ మూతపడింది. ట్రాక్టరు రావడం ఆగింది. పందులు కొన్నాళ్ళు గుంట చుట్టూ తిరిగాయి, టెంకలు కూడా నమిలేశాయి. ఆ తర్వాత విరిగిన కంచె దారి పట్టాయి. నేను డబ్బాలు వాయించాను, పాత చీరలు కట్టాను, మంటలు వేశాను. ట్రాక్టరు శబ్దానికే పరిగెత్తుకొచ్చే పందులు డబ్బా శబ్దానికి పోతాయా? ఇంకొంచెం మేత వస్తోందనుకుని ఉంటాయి. కాయ సరిగ్గా ముదిరే వేళకు చేనంతా దున్నినట్టు చేసి పెట్టాయి.

ఊరిపెద్ద ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద పడుకుని ఉన్నాడు, లేచి కూర్చున్నాడు. నన్ను కూర్చోమన్నాడు, కాఫీ ఇప్పించాడు. అంతా విన్నాడు.

"న్యాయమే పాపా నువ్వు చెప్పేది. కాదనను. కానీ చేను పాలు తీసుకున్నారు కదా మీరు."

"నేను తీసుకోలేదు నాయనా. ఒక్క ముక్క తినలేదు."

"నీ మొగుడు తీసుకున్నాడు. మేమంతా సూస్తిమి కదా."

"అది తొక్కిన పైరుకు కదా. సాకిన మందకు కూడానా?"

ఆయన కాఫీ గ్లాసు పక్కకు జరిపాడు. తర్వాత, "నేనూ తింటిని పాపా," అన్నాడు. కనీసం ఆ మాట చెప్పిన మగవాడు ఆయన ఒక్కడే. కానీ దానితో నాకు ఒరిగిందేమీ లేదు.

మా ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఇట్లాంటి మాటలు నిలబెట్టుకోవడంలో ఆయనను మించినవాడు లేడు. వెనక వానలకు బావ మనుషులు మా చేలో మామిడి గుంతలు తవ్వారు. నేను పోయి గట్టు మీద నిలబడ్డాను. ఎందుకు పోయానో తెలియదు, ఇంట్లో ఉండలేకపోయాను. పారకు మట్టి లేచినప్పుడల్లా పందులు వదిలేసిన కాయలు అక్కడొకటి ఇక్కడొకటి బయటపడుతున్నాయి. కొన్ని మొలకెత్తాయి, కొన్ని గట్టిగానే ఉన్నాయి. నేను దిగి ఏరడం మొదలుపెట్టాను. పనివాళ్ళలో ఒకతను పార ఆపి బావ వైపు చూశాడు, నన్ను ఏమనాలో తెలియక.

బావ గొడుగు కింద నిలబడి చెయ్యి ఊపాడు.

"ఏరుకోనీలేరా. పాపం, మనమ్మే కదా. ఏరుకోమ్మా, నేనేమీ అనుకోనులే."

నేను వేసిన విత్తనానికి కాసిన కాయలను ఏరుకోవడానికి ఆయన నాకు అనుమతి ఇచ్చాడు. పనివాళ్ళందరూ ఆయన మంచితనానికి తలలూపారు. ప్రతి గుంత దగ్గరా కూర్చుని, మట్టి చేత్తో చిదిపి చూసి, చీకటి పడేదాకా ఏరాను. ఒక్క కాయ కూడా ఆ నేలలో ఆయనకు మిగలనివ్వలేదు.