ఇస్నోఫీలియా పోరి

నా చిన్నప్పుడు నేను కుదురుగా కూర్చున్న పూట లేదు. కాళ్ళలో చక్రాలున్నాయనేది నాయనమ్మ. అలాంటి నాకు, డెబ్బైల చివర్లో ఒక దసరా సెలవుల తర్వాత దగ్గూ ఆయాసమూ పట్టుకున్నాయి. మట్టెవాడలో మా డాక్టరు రక్తం పరీక్ష చేయించి ఇస్నోఫీలియా అన్నాడు. ఆ రోజుల్లో మా వీధిలో దగ్గిన ప్రతివాళ్ళకూ అదే పేరు. పెరుగు బంద్, అరటిపండు బంద్, అన్నిటికంటే ముందు పరుగు బంద్. బడిలో పరుగుపందెం చూస్తే రెండు నెలల్లో ఉంది.

"ఇస్నోఫీలియా పోరి, జర నిమ్మలంగ కూసో" అనేది నాయనమ్మ. నాకు ఒళ్ళు మండిపోయేది. నా రక్తంలో చేరిన ఆ ఇస్నోఫీలియా మీద పగబట్టాను.

పక్కింటి అక్క ఆ డాక్టరు దగ్గరే ల్యాబులో పనిచేసేది. కడుపులో పురుగులున్నా ఇట్లాగే అవుతుందని, పరీక్షకు అగ్గిపెట్టెలో కొంచెం మలం తెమ్మని చెప్పింది. అప్పట్లో అందరూ అట్లాగే తీసుకెళ్ళేవారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పురుగుల పిల్లనని బళ్ళో తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అమ్మ మూడుసార్లు పంపితే మూడుసార్లూ పెట్టెను వీధి మురుగు మోరీలో పారేసి, ఇచ్చొచ్చానని చెప్పాను. నెల గడిచిపోయింది. ఆయాసం తగ్గలేదు. గుమ్మానికీ పెరటికీ తిరుగుతూనే ఉన్నాను.

ఒక మధ్యాహ్నం అక్క నన్ను ల్యాబుకు పిలిచింది. పెట్టెల సంగతి ఎత్తనే లేదు. నా రక్తం పూసిన గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టి చూడమంది. లేతరంగు కణాల మధ్య అక్కడక్కడా నారింజరంగు గింజలు కుక్కిన కణాలు కనిపించాయి.

"గివే నీ ఇస్నోఫీలియా. ఇవి రోగం గాదే, కాపలా. పురుగు వీటికంటె శాన పెద్దది, మింగలేవు. అందుకే పురుగు పిల్లల మీద మూగి, ఆ గింజలల్ల ఉన్న మందు గుమ్మరిస్తయి. పేగులల్ల పాతుకున్న పెద్దపురుగు మాత్రం వీటికి లొంగది."

నా కోసం కొట్లాడేవాటి మీదనా నేను ఇన్నాళ్ళూ పగబట్టింది? సిగ్గుతో కళ్ళు నిండాయి. అక్క మెల్లగా అంది:

"లోపల పురుగుందని అవి గొంతు చించుకొని ఒర్రుతనే ఉన్నయి. నువ్వే నోరు మూసుకున్నవు."

మర్నాడు పెట్టె నేనే తీసుకెళ్ళి ఆమె చేతికిచ్చాను. కొంకిపురుగు గుడ్లు కనిపించాయి. సెలవుల్లో పాలంపేటలో అమ్మమ్మవాళ్ళ పొలం గట్ల వెంట చెంబు పట్టుకుని ఉత్తకాళ్ళతో తిరిగాను కదా, పురుగు పిల్లలు అరికాళ్ళలోంచి ఎక్కాయట. మాత్రలకు పురుగులు పోయాయి గానీ, అవి తాగేసిన రక్తం మళ్ళీ ఒంటికి పట్టేసరికి పందెం నేను లేకుండానే అయిపోయింది. మోరీలో పోసిన ఆ నెల తలుచుకుని కుళ్ళికుళ్ళి ఏడ్చాను.

ఇప్పుడు అరవై దగ్గరపడ్డాయి. డాక్టరు ముందు కూర్చుంటే చెప్పుకోలేని మాట ఏదో ఒకటి ఇప్పటికీ నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. కాళ్ళు ఊపుతాను, చెంగు నలుపుతాను, లేచి పోదామనుకుంటాను. అంతలో లోపల ఎవరో నా కోసం ఒర్రుతున్నట్టు ఉంటుంది. ఇక చెప్పేస్తాను.