మూడో బేస్ మీద మనిషి ఉన్నప్పుడు

సెయింట్ ఆల్డ్రిక్ పాల ఫ్యాక్టరీలో ఆర్లిస్ టెర్వీ అంటే రైతులకు హడలు. గాజు గొట్టాల్లో పాలు పోసి వెన్న శాతం చూడడం ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె ఉద్యోగం. ఒకసారి సొంత మరిది పంపిన పాలలోనే నీళ్ళు కనిపెట్టింది. ఆ కాగితం పట్టుకెళ్ళి, అతను భోంచేస్తున్న బల్ల మీదే పెట్టి వచ్చింది. మరిది రెండేళ్ళు పలకరించలేదు. "నేనేమన్నాను? పాలు చెప్పిందే చెప్పాను" అని ఆమె తన దారిన తాను పోయింది.

అలా ఉండడానికి ఆ ఊళ్ళో గుండె ధైర్యం కావాలి. మిన్నెసోటాలో ఆ చుట్టుపక్కల ఎవరూ ఎవరినీ మొహం మీద ఒక మాట అనరు. వంట నోట పెట్టలేనట్టున్నా "రుచి కొత్తగా ఉంది" అని ఇంకాస్త వడ్డించుకుంటారు. బేస్‌బాల్ ఆటలో బంతి విసిరే పిచర్ ప్రాణం పెట్టి విసిరి ఒంటిచేత్తో ఆట గెలిపించినా "ఫర్వాలేదు" అని టోపీ సర్దుకుంటారు. తిట్టూ ఉండదు, పొగడ్తా ఉండదు. ఆర్లిస్‌కి ఈ నసుగుడంటే ఒళ్ళుమంట. అంకెలు నసగవు కాబట్టి ఆమెకు అంకెలంటే ప్రాణం.

ఊరి బేస్‌బాల్ జట్టు స్కోరు పుస్తకం ఆమె ఒళ్ళో పడి ఇరవై రెండేళ్ళయింది. అప్పటిదాకా రాసేవాడు ఊరు వదిలి పోతే, జట్టు మేనేజరు వెర్న్ "నీ జడలో ఎప్పుడూ పెన్సిల్ ఉంటుందిగా" అని పుస్తకం ఇచ్చేశాడు. అందరూ పరుగులు రాసి ఊరుకుంటారు. ఆర్లిస్ ప్రతి బంతినీ రాసేది. సూటి బంతా, వంపు బంతా, ఎక్కడ పడింది, పరుగు పూర్తయ్యేలోగా ఆగే మూడు బేస్‌లలో అప్పటికి దేని మీద ఎవరున్నారు. ఆదివారం మధ్యాహ్నాలు బంతి పట్టే క్యాచర్ వెనక వల పక్కన బల్ల మీద కూర్చుని, ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన తీపి బిళ్ళలు పెట్టుకుని, పక్కవాళ్ళు కబుర్లు చెప్తే ఉష్ అనేది.

జట్టులో పిచర్ కోల్టన్ అని, ఇరవై నాలుగేళ్ళవాడు, కరెంటు పని చేస్తాడు. అతని వంపు బంతి చూడముచ్చటగా ఉండేది. నడుమెత్తున వచ్చినట్టే వచ్చి, కొట్టేవాడి ముందు చటుక్కున మట్టిలోకి దిగేది. దాన్ని ఒడిసి పట్టాల్సిన క్యాచర్ గేలెన్, ఆర్లిస్ అక్క కొడుకు. ముప్పై ఏడేళ్ళు, డెబ్భై ఆవులు, పదహారు వేసవులుగా కొట్టేవాడి కాళ్ళ దగ్గరుండే ప్లేటు వెనక గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఈ పదహారేళ్ళలో జట్టు ఒక్కసారి కూడా రాష్ట్ర పోటీలకు వెళ్ళలేదు. ఇదే తన ఆఖరి వేసవి అని గేలెన్ ముందే చెప్పేశాడు. చిత్రంగా ఈ ఏడాదే జట్టు ఒక్క గెలుపు దూరానికి వచ్చింది. ఆదివారం లేక్ ఎబర్ట్ జట్టును ఓడిస్తే చాలు.

అలాంటి వారంలో ఆర్లిస్ వేసవి పుస్తకమంతా తిరగేసి ఒక కాగితం తయారుచేసింది. గురువారం సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక ఆటగాళ్ళంతా గ్రౌండు పక్కన సాసేజీలు కాల్చే చోట చేరారు. ఆమె కాగితం మడత విప్పుతూ వచ్చింది.

"ఏంటి ఆర్లిస్, మొహం వెలిగిపోతోంది? మళ్ళీ ఎవరి పాలలో నీళ్ళు దొరికాయేంటి?" అన్నాడు వెర్న్.

"నీ జట్టులోనే దొరికాయి. వింటావా?"

"వద్దంటే ఊరుకుంటావా?"

ఊరుకోలేదు. అందరికీ వినబడేట్టు చదివింది. "కోల్టన్ ఈ వేసవిలో పదకొండు వందల నలభై బంతులు విసిరాడు. మూడో బేస్ మీద అవతలివాడు లేనప్పుడు, మూడింట ఒకటి వంపు బంతి. మూడో బేస్ మీద మనిషి ఉంటే, ఇంకొక్క అడుగులో పరుగు పోతుందనగా, నూట పద్దెనిమిది బంతులు విసిరాడు. అందులో వంపు బంతులెన్నో చెప్పుకోండి."

కాగితం అందరికీ కనబడేట్టు తిప్పింది.

"అయిదు! మిగతావన్నీ సూటి బంతులే. అవతలివాళ్ళు ఆ సంగతి పసిగట్టేశారు. కాచుక్కూచుని బాదుతున్నారు." అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "మనిషి మూడో బేస్‌కి వచ్చాడంటే వీడికి గుండె జారిపోతోంది. పిరికితనం, ఇంకేం కాదు."

ఆ చివరి మాట కాగితం మీద లేదు. అంకెలు అనని మాటను అంకెల నోట పెట్టింది ఆమే. కానీ అప్పుడది ఆమెకు తెలియలేదు. సాసేజీలు చిటపటమంటున్నాయి. కోల్టన్ చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో ఉన్న గ్లాసులోకి చూస్తూ నిలబడ్డాడు. వెర్న్ గేలెన్ వైపు చూశాడు, బంతి ఏది కావాలో వేళ్ళతో సైగ చేసేది క్యాచరే కాబట్టి.

"నేను అడుగుతూనే ఉన్నా పిన్నీ," అన్నాడు గేలెన్, బూటుకంటిన మట్టి దులుపుకుంటూ. "వంపు బంతికే వేళ్ళు చూపిస్తున్నా. వాడే తల అడ్డంగా ఊపేస్తున్నాడు."

"కరెంటు తీగ పట్టుకోమంటే పట్టుకుంటాడు గానీ, వంపు బంతి వెయ్యమంటే వణుకు పాపం!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. కోల్టన్ కూడా నవ్వాడు.

"చూస్తాలెండి," అన్నాడు.

"నువ్వు చూసేదేం లేదు. ఆదివారం బెంచీ మీంచి నేనే చెప్తా. నేను టోపీ తాకానంటే వంపు బంతే. తలలు ఊపడాల్లేవు," అన్నాడు వెర్న్. ఆర్లిస్ ఆ సాయంత్రం ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళింది. ఆ ఊళ్ళో నిజం చెప్పే నోరు తనదొక్కటే అనుకుంది.

ఆదివారం ఆట లేక్ ఎబర్ట్ మైదానంలో. ఆఖరి ఇన్నింగ్స్‌కి చెరి మూడు పరుగులు. ఇద్దరు అవుట్, లేక్ ఎబర్ట్ వాడొకడు మూడో బేస్ మీద. వెర్న్ టోపీ తాకాడు. గేలెన్ వేళ్ళు చూపించాడు. కోల్టన్ కదలకుండా చాలాసేపు నిలబడ్డాడు. ఒకసారి వెర్న్ వైపు చూశాడు, ఇంకోసారి గేలెన్ వైపు చూశాడు. తర్వాత విసిరాడు.

అంత అందమైన వంపు బంతి ఆ వేసవిలో అతను వేయలేదు. కొట్టేవాడు గాలిని కొట్టాడు. బంతి మట్టిలో పడి కుడివైపుకి లేచింది. మోకాళ్ళ మీద అటు దిగి, ఒళ్ళు అడ్డం పెట్టాలి క్యాచరు, బంతి దాటిపోతే మూడో బేస్ మీదవాడికి పరుగు దొరికినట్టే. గేలెన్ ఎడమ మోకాలు దిగింది, కుడిది దిగలేదు. బంతి అతని పక్కనుంచి దొర్లి వచ్చి, ఆర్లిస్ కాళ్ళ ముందున్న వలకు తగిలి ఆగింది. మూడో బేస్ మీదవాడు పరిగెత్తుకొచ్చేశాడు. ఆ ఒక్క పరుగుతో లేక్ ఎబర్ట్ గెలిచింది, ఆట అయిపోయింది.

తప్పు ఎవరిదో రాయాల్సింది స్కోరు రాసేవాళ్ళు. బంతి నేలను తాకితే పిచర్ తప్పు కింద రాయమంటుంది నియమం. ఆర్లిస్ పెన్సిల్ ఆలోచించకుండానే కోల్టన్ పేరు పక్కన ఆ గుర్తు పెట్టేసింది. "నువ్వు ముందే చెప్పావు ఆర్లిస్. ఆ కుర్రాడికి గుండె లేదు," అంది పక్కనున్నావిడ.

ఆర్లిస్ వినలేదు. వల అవతల, పది అడుగుల దూరంలో గేలెన్ లేస్తున్నాడు. రెండు చేతులూ నేలకు ఆనించి, ముందు నడుము ఎత్తి, తర్వాత ఒక్కో కాలూ కూడదీసుకుని, ముసలివాడు లేచినట్టు లేచాడు. ఈస్టర్ దగ్గర్నుంచీ చర్చిలో అందరూ మోకరిల్లినప్పుడు గేలెన్ ఒక్కడే బల్ల అంచున కూర్చుని తల వంచుకుంటున్నాడు. ప్రతి ఆదివారం రెండు వరసల వెనకనుంచి చూస్తూనే ఉంది. బద్ధకం పెరిగింది వీడికి అనుకుంది తప్ప ఇంకేమీ అనుకోలేదు.

మర్నాడు ల్యాబులో భోజనాల వేళ స్కోరు పుస్తకం తెరిచింది. ఆ అయిదు వంపు బంతుల కోసం వెతికింది. అయిదూ ఒకే రోజువి. జూన్‌లో ఒక ఆదివారం. ఆ రోజు గేలెన్ రాలేదు. వాన వచ్చేలోగా ఎండుగడ్డి కట్టలు కట్టుకోవాలని ఉండిపోతే, వెర్న్ కొడుకు క్యాచరుగా కూర్చున్నాడు. అంటే గేలెన్ ప్లేటు వెనక ఉండగా, మూడో బేస్ మీద మనిషి ఉండగా, కోల్టన్ వేసిన వంపు బంతులు సున్నా. ఇరవై రెండేళ్ళుగా ఆమె కాగితాల్లో గాలి ఎటు వీచిందో కూడా ఉంది, పట్టేవాడెవడో రాసుకునే గడి లేదు. ఎప్పుడూ గేలెనే కదా, రాయడమెందుకు అనుకుంది. చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. కుర్రాడు భయపడింది తన కోసం కాదు, గేలెన్ మోకాలి కోసం.

ఆ సాయంత్రం కోల్టన్ ఒక పశువుల పాకలో తీగలు బిగిస్తుంటే వెళ్ళి నిచ్చెన కింద నిలబడింది.

"గేలెన్ మోకాలు సంగతి నీకెప్పట్నుంచి తెలుసయ్యా?"

కోల్టన్ దిగి వచ్చి, పాకలో ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. "మే నెలలో. ప్రాక్టీసులో బంతి కింద పడితే వంగలేకపోయాడు. కాలు జారిందిరా అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. సరేలే అన్నా."

"నీకు తెలుసని వాడికి తెలుసా?"

"తెలీదు. తెలియకూడదు కూడా."

"అందరి ముందూ నిన్ను పిరికివాడివన్నానే! ఒక్క మాట అనొచ్చుగా?"

"ఏమనను ఆర్లిస్ గారూ? తను పక్కనే నించున్నాడు."

"రేపు రస్‌తో నేను మాట్లాడతాను," అంది. రస్ లేక్ ఎబర్ట్ జట్టు మేనేజరు. పాల ట్యాంకరు నడుపుతాడు, రోజూ ఆమె ల్యాబుకే వస్తాడు. రాష్ట్ర పోటీలకు వెళ్ళే జట్టు, ఓడిన జట్లనుంచి ముగ్గురు పిచర్లను తనతో తీసుకుపోవచ్చు. మామూలుగా అయితే మొదటి పేరు కోల్టన్‌దే కావాలి.

"లెక్క తప్పని చెప్పండి. మోకాలి ఊసు మాత్రం ఎత్తకండి," అన్నాడు కోల్టన్. "పదహారేళ్ళు ఆ మట్టిలో కూచున్నాడు. ఆఖరి ఆట తనవల్లే పోయిందని ఇప్పుడు తెలియాలా?" తీగ చుట్ట చుడుతూ మళ్ళీ అన్నాడు. "వెళ్ళాలని మాత్రం ఉందండీ. చాలా ఉంది."

మంగళవారం పొద్దున రస్ పాల నమూనాల డబ్బాతో వచ్చాడు.

"మధ్యాహ్నానికల్లా ముగ్గురి పేర్లు పంపాలి ఆర్లిస్. రెండు రాశా. మూడోది నీ కుర్రాడి పేరే రాద్దామనుకున్నా గానీ, నీ కాగితం సంగతి విన్నాక..."

"రాయి. కోల్టన్ పేరే రాయి. నా లెక్క తప్పు."

రస్ పెద్దగా నవ్వాడు. "నీ లెక్కా? ముప్పై ఏళ్ళుగా చుక్క తప్పలేదు, ఇప్పుడు తప్పిందా?"

"తప్పింది. అతను పిరికివాడు కాదు. నేను నోరు పారేసుకున్నాను."

"మరి వంపు బంతి ఎందుకు వెయ్యలేదు?"

రెండే రెండు మాటలు. గేలెన్ మోకాలు. నాలుక చివరిదాకా వచ్చాయి. చెప్తే రస్ క్షణంలో నమ్ముతాడు. సాయంత్రానికి ఆరు ఊళ్ళకు తెలుస్తుంది. ఆర్లిస్ మాటలు మింగేసింది.

"కారణం ఉంది," అంది.

"సర్లే, సర్లే," అన్నాడు రస్, ఆమె చేతి మీద తట్టి. "మీ ఊరి పిల్లాడు. పైగా ఓడి ఉన్నాడు. నీ స్థానంలో నేనున్నా ఇలాగే చెప్తా. మంచి మనసు నీది."

"మంచి మనసూ లేదు, పాడూ లేదు రస్! నేనెప్పుడైనా మొహమాటానికి చెప్పానా?"

"అబ్బే, లేదులే," అన్నాడు రస్. ఆ ఊళ్ళవాళ్ళు ఒక్క ముక్క కూడా నమ్మనప్పుడు అనే తీరులోనే అన్నాడు. ఆమె బల్ల మీది పెన్నే తీసుకుని, మూడో పేరు రాశాడు. అది కోల్టన్ పేరు కాదు.

శుక్రవారం కోల్టన్ ఫ్యాక్టరీ గేటు దగ్గర వ్యానులో కూర్చుని ఎదురు చూశాడు. ఆమె బయటికి రాగానే దిగాడు. ముగ్గురి పేర్లూ పేపర్లో వచ్చేశాయి. అడగడానికేం లేదు. అయినా అడిగాడు.

"చెప్పి చూశారా?"

"చెప్పాను. నమ్మలేదు."

"మోకాలి సంగతి..."

"చెప్పలేదు."

కోల్టన్ ఊపిరి వదిలాడు. "నిన్న గేలెన్ నన్ను పిలిచి భోజనం పెట్టాడు. వచ్చే ఏడాది కొత్త క్యాచర్ వస్తాడు, వాడి మీద నమ్మకముంచి వంపు బంతి వెయ్యరా, భయపడకు అని చెప్పాడు. అలాగే అన్నా." నవ్వబోయి ఆగాడు. తర్వాత టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "థాంక్స్ ఆర్లిస్ గారూ. చెప్పకుండా ఉన్నందుకు."

తిట్టి ఉంటే ఆమె తట్టుకునేది. ఎవరెన్ని తిట్టినా ముప్పై ఒక్క ఏళ్ళుగా తట్టుకుంటూనే ఉంది. ఆ థాంక్స్‌కి మాత్రం తల ఎత్తలేకపోయింది. అతని వ్యాను మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా, అక్కడే నేల చూపులు చూస్తూ నిలబడిపోయింది.