స్టీలు చెంబు మీద నా పేరు

ఫ్రీమాంట్‌లో ఉండే మా మనవరాలు మొన్న ఫోన్ చేసి, చాండ్లర్‌లో చిప్పుల కంపెనీలో పనిచేసే మా అక్క మనవడికి ఒక రూకీని అంటగడుతున్నానని సంబరంగా చెప్పింది. రూకీ అంటే అమెరికన్ ఫుట్‌బాల్‌లో తొలి ఏడాది ఆటగాడు. మా పిల్లలు మైదానంలోకి దిగరు. నిజం ఆటగాళ్లని తమ జట్టులో ఉన్నట్టు పంచుకుని, ఆదివారం వాళ్లు ఆడినదాన్ని బట్టి తమకి పాయింట్లు వేసుకుంటారు. "వాడికి చెప్పొద్దు తాతయ్యా, ఓకే? ఆ హైప్ అంతా నమ్మేస్తున్నాడు. ట్రేడ్ ఆల్మోస్ట్ డన్," అంది. సరేనని ఫోన్ పెట్టేశాను గానీ, బల్ల మీద పెన్నులు వేసుకునే స్టీలు చెంబు వైపు కళ్లు వెళ్లకుండా ఆపుకోలేకపోయాను.

డెబ్బైల చివర్లో, విజయవాడలో సబ్ ఎడిటర్ కొలువు వదిలి, ఒహాయోలో డాక్టరుగా స్థిరపడిన మా అక్క భర్త, బావగారి దగ్గరికి వచ్చాను. ఏడాదిపాటు ఆయన బేస్‌మెంట్‌లో ఉండి, ఆయన కోటు వేసుకుని, ఆయన కారులో డ్రైవింగ్ నేర్చుకున్నాక, ఆ ఊరి పత్రికలో ఆటల విభాగంలో ఉద్యోగం దొరికింది. నాకు అప్పజెప్పింది అందరూ తప్పించుకునే పని, చిన్న అక్షరాల పేజీ. ఎవడు ఎన్నిసార్లు బంతి అందుకున్నాడు, ఎన్ని గజాలు పరిగెత్తాడు అన్న లెక్కలన్నీ భూతద్దం పెడితే తప్ప కనబడని అక్షరాల్లో అందులో ఉండేవి. పెద్ద అక్షరాల్లో ఏం రాసినా నిజం ఉండేది అక్కడేనని నాకు త్వరలోనే తెలిసింది. మనవాళ్లలో దాన్ని చదివినవాడు లేడు.

ఎనభైల మొదట్లో ఎనిమిది తెలుగు కుటుంబాలవాళ్లం ఈ ఆట మొదలుపెట్టాం. ఒక్కటే కట్టుబాటు: తీసుకున్న ఆటగాడు ఆట మానేదాకా మనవాడే, మార్చుకోవాలంటే ఇంకొకడు ఒప్పుకోవాలి. గెలిచినవాడికి ఊరినుంచి తెచ్చిన స్టీలు చెంబు. మన ఇళ్లలో గిన్నెల మీద కొట్టించినట్టు దాని మీద పేరు కొట్టించాలని అక్క పట్టుబడితే, మాలో ఉన్న పళ్ల డాక్టరు తన డ్రిల్లుతో చెక్కుతానని ఒప్పుకున్నాడు.

ఆ ఏడాది దేశమంతా ఒక కుర్రాడి భజనలో ఉంది. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్. మా పత్రిక కాలమిస్టు వాణ్ణి ఒకే పేరాలో మెరుపుతోనూ, జింకతోనూ, రైలింజనుతోనూ పోల్చాడు. జింకా రైలింజనూ ఒకలాగే ఎలా పరిగెత్తుతాయని అడగడం నా ఉద్యోగం కాదు కనక కామాలు సరిచేసి అచ్చుకి పంపాను. కానీ వాడి కాలేజీ ఆటలన్నీ నా చేతులమీదుగా వెళ్లినవే. ముందు అయిదుగురు భీముళ్లు ఎదుటివాళ్లని నెట్టి దారి చేస్తుంటే ఊరూపేరూ లేని కాలేజీల మీద పరుగులు తీసిన ఘనుడు వాడు. గట్టి జట్టు ఎదురైన రోజున నడిచినంత దూరం కూడా పోలేదు. విసిరిన బంతి పట్టడం వాడి చేతకాదు.

మనవాళ్లకి ఇవేమీ అక్కర్లేదు. మేం ఆటగాళ్లని పంచుకునే రోజున పకోడీలు తింటూ వాణ్ణి పెళ్లికొడుకుని చూసినట్టు చూశారు. పెద్ద కాలేజీ, అసలు జట్లలోకి అందరికంటే ముందు ఎంపికైన ఫస్టు ర్యాంకు, మంచి ఒడ్డూ పొడుగూ, తండ్రి చర్చిలో బోధకుడు, తల్లి టీచరు. ఇద్దరు ఇంజనీర్లూ ముగ్గురు డాక్టర్లూ కలిసి ఒక ఆటగాడి సంప్రదాయం బాగుందని తేల్చారు. చదువుకున్నవాళ్ల మూర్ఖత్వానికి ఉండే ధీమా మామూలువాళ్ల దానికి ఉండదు.

ముందుగా ఎంచుకునే చీటీ నా పేరున వచ్చింది. వాణ్ణి నేనే తీసుకున్నాను. వాడి మీద గౌరవం ఉండి కాదు, బావగారికి మోజని తెలిసి. ఆయన ఎంచుకున్నవాళ్లలో ముప్పై దాటిన ఆటగాడొకడు ఉన్నాడు. అందరూ ముసలాడని నవ్వారు గానీ, వారం వారం నా పేజీలో ఆ పేరు పక్కన పరుగుకి నాలుగేసి గజాలు నమ్మకంగా పడుతూనే ఉండేవి. బావగారు నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, "ఏమోయ్ బావమరిదీ, పేపర్లో ఉన్నవాడివి, నువ్వు చెప్పు. కుర్రాడు ఎలాంటివాడు?" అని అడిగారు. "మా పేపర్లో ఏం రాశారో మీరూ చూశారుగా బావగారూ," అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. "అయితే ఖాయం చేసుకుందాం," అని ఆయన ముసలాణ్ణి నాకిచ్చి కుర్రాణ్ణి తీసుకున్నారు. ఆ రోజునుంచి వాణ్ణి అల్లుడు అనేవారు.

అల్లుడు మూడు వారాలు తడబడి బెంచీ మీద కూర్చున్నాడు. మా కాలమిస్టు సిగ్గులేకుండా ఇంకో జింకని వెతుక్కున్నాడు. ముసలాడు నన్ను గెలిపించాడు. పళ్ల డాక్టరు నా పేరు చెక్కుతుంటే డ్రిల్లు జారకుండా చెంబుని రెండు చేతులా అదిమి పట్టుకున్నది బావగారే. నన్ను ఒక్క మాట అనలేదు. అల్లుణ్ణి ఎవరికీ ఇవ్వనూ లేదు. వాడు ఆట మానేదాకా, అయిదారేళ్లు, సోమవారం పొద్దున్నే ఆఫీసుకి ఫోన్ చేసేవారు. "మా అల్లుడు ఎన్ని గజాలోయ్?" "బెంచీ మీదే ఉన్నాడు బావగారూ." "దెబ్బలేం తగల్లేదుగా, అదే చాలు." నిజం అప్పుడైనా చెప్పేయవచ్చు. చెప్పలేదు. కాలమిస్టుకి కనీసం తను రాసింది తప్పని తెలియదు. నాకు ఆ సాకూ లేదు.

బావగారు పోయి చాలాకాలమైంది. మనవరాలికిచ్చిన మాట తప్పి నిన్న చాండ్లర్‌కి ఫోన్ చేశాను. వాళ్ల తాతకి చెప్పనిదంతా పూస గుచ్చినట్టు చెప్పాను: ఈ రూకీకి కూడా దారి చేసినవాళ్లు వేరే ఉన్నారని, బలహీనుల మీద చేసిన పరుగులకి విలువ లేదని. కుర్రాడు ఓపిగ్గా విని నవ్వాడు. "ఆ స్టాట్స్ అన్నీ యాప్‌లో ఉన్నాయి తాతగారూ, చూశాను. అయినా వాడంటే నాకు ఇష్టం. థాంక్స్ ఫర్ కాలింగ్."

చిన్న అక్షరాల పేజీని పత్రికలు ఎప్పుడో ఎత్తేశాయి. అందులో ఉండే నిజమంతా ఇప్పుడు అందరి జేబుల్లోనూ వెలుగుతోంది, దాచుకునేవాడికి దాచడానికి ఏమీ లేదు. అందుకేనేమో, పక్కకి పిలిచి 'నువ్వు చెప్పు' అని అడిగేవాడూ లేడు. నలభై ఏళ్లు ఆలస్యంగా చెప్పిన నా నిజం ఎవరికీ అక్కరకు రాలేదు. చెంబులో పెన్నులు అటూ ఇటూ జరిపి, పేరున్న వైపు గోడకి తిప్పి పెట్టాను.