పాలగిన్నె అందుకునే చెయ్యి

రుక్మాబాయి ఏటా స్టేజీ ఎక్కేది గానీ, అక్కడ ఒక్క మాటా పలికింది లేదు. హైదరాబాదు గౌలిపురలో వాళ్ల గల్లీవాళ్లు, దీపావళి వెళ్లాక దున్నపోతులను ఊరేగించే సదర్ పండుగకు ఆడే 'రత్నకేతు విజయం'లో ఆమెది మూగ దాసి వేషం.

ఆమె కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ వేషం ఓ మగాయన కట్టేవాడు. ఓ ఏడు ఆయన కామెర్లతో మంచాన పడ్డాడు. నాటకం నేర్పే కైలాసం పంతులు, వాకిట్లో గేదెలకు కుడితి పెడుతున్న రుక్మాబాయిని చూసి ఈమె నడక సరిపోతుందన్నాడు. అత్త ఆగమ్మ కోడలి వైపు తిరిగింది.

"మూగదే గద, పోనీ. స్టేజీ ఎక్కితె ఎక్కు గని, నీ గొంతు గల్లీల ఇనవడొద్దు."

అట్లా మొదలైంది. రత్నకేతు మహారాజు వేషం బావ ఎల్లయ్యది. తెర లాగడం ఆమె భర్త బాలరాజ్ పని. కథ చిన్నదే. పట్టాభిషేకం నాడు రాజు తాగబోయే పాలల్లో సొంత తమ్ముడే విషం కలుపుతాడు. చూసింది దాసి ఒక్కతే. చెప్పడానికి నోరు లేదు. సైగలు చేస్తే సభంతా నవ్వుతుంది. వేరే దారి లేక, రాజు చేతిలోని గిన్నె లాక్కొని తానే గటగటా తాగేసి సింహాసనం మెట్ల మీద పడిపోతుంది. అప్పుడు గానీ రాజుకు సంగతి తెలియదు. ఇక వరసబెట్టి పద్యాలు పాడతాడు. వన్స్ మోర్‌లు, పూలదండలు, ఆఖర్న హారతి, అన్నీ రాజుకే. ఆ పద్యాలంతసేపూ రుక్మాబాయి కళ్లు మూసుకొని మెట్ల మీద పడి ఉండేది.

గిన్నెలో మాత్రం ఉత్త నీళ్లు పోసేవాళ్లు కాదు. ఏ ఇంటి గేదె కొత్తగా ఈనితే ఆ ఇంటి నుంచి అప్పుడే పితికిన పాలు వచ్చేవి. పాల విషయంలో అబద్ధం ఆడకూడదని ఆ ఇళ్లవాళ్ల పట్టింపు. నురగ పై పెదవికి అంటి ఆరిపోతూ దురద పెట్టేది. చచ్చిపోయిన మనిషి మూతి తుడుచుకోకూడదు కదా.

ఓసారి నాటకం అయ్యాక ఆమె కొబ్బరినూనెతో ముఖం మీది రంగు తుడుచుకుంటుంటే కైలాసం పంతులు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఈ నాటకం ఎవరిదమ్మా?"

"రాజుది. పేరే ఆయనది గద పంతులూ."

"పేరు బోర్డు మీద రాసుకునేటందుకు. ఎవరు ఎక్కువ పాడిండ్రు, ఎవరికి హారతి పట్టిండ్రు, గది కాదు చూసుడు. ఒక్కొక్కల్ని తీసేసి చూడు. సేనాపతిని తీస్తే నడుస్తది. రాణిని తీసినా నడుస్తది. నిన్ను తీస్తే రాజు ఆ పాలు తాగి చస్తడు, గప్పుడే తెర పడ్తది. మరి ఎవరిది నాటకం?"

ఆమె నవ్వి మళ్లీ రంగు తుడుచుకోసాగింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, బాలరాజ్‌కు కూడా. తర్వాత పంతులు పోయాడు, ఆగమ్మ పోయింది, బాలరాజ్ పోయాడు. గేదెలను ఒక్కొక్కటే అమ్మేశారు. పశువుల కొట్టంలో ఇప్పుడు ఫ్రిజ్ పెట్టి పాకెట్ పాలు అమ్ముతారు. గల్లా దగ్గర రుక్మాబాయి కూర్చుంటుంది. తాను లేకపోయినా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుందని, షట్టర్ లేస్తుందని ఆమెకు తెలుసు. నాటకం ఒక్కటే అట్లా కాదనుకుంది. పంతులు మాట తలుచుకుంటూ ఏడాదంతా గడిపేసేది.

ఈసారి దీపావళికి ముందు, ఎల్లయ్య కొడుకు సాయికుమార్ గల్లా దగ్గరికి వచ్చాడు. పండుగ కమిటీ పనులన్నీ ఇప్పుడు అతనివే.

"చిన్నమ్మా, పోలీసులు టైం తక్కువ ఇచ్చిండ్రు. సగం డీజేకే పోతది. నాటకం ఒక్క గంటల ముగించాలె."

"ముగించుండ్రి. మీ బాపును పద్యాలు తగ్గించమను."

"బాపు ప్రాణమన్నా ఇస్తడు గని పద్యం ఇస్తడా?" సాయికుమార్ నవ్వాడు. "దాసిని తీసేస్తున్నం. మాటల్లేని వేషం, ఎవరికి ఎర్కయితది? నీకు మోకాళ్ల నొప్పులాయె. ముందల కుర్చీల ఆరామ్‌గ కూసోని చూడు."

"మరి పాలు?"

"రాజే వాసన చూసి పసిగడ్తడు. నేనే రాసిన. మస్తు పవర్‌ఫుల్ ఉంటది."

పంతులు మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. రెండు పాకెట్లు కవర్లో వేసి ఎదురుగా నిలబడ్డ మనిషికి అందించింది.

సాయంత్రం ఆమె ఎల్లయ్య గుమ్మం ముందు ఆగింది. "బావా, నేను లేకపోతే నువ్వు ఆ పాలు తాగి చస్తవ్."

"చావను తీ. పిలగాడు నాకింకో పద్యం పెంచిండు," అన్నాడు ఎల్లయ్య, మీసం దువ్వుకుంటూ.

అయినా ఆమె కుంగిపోలేదు. లోపల ఓ నమ్మకం ఉంది. నాటకం నడవదు. ఆ గిన్నె దగ్గరకు వచ్చి ఆగిపోతుంది, ఏదో తక్కువైందని జనానికి తెలుస్తుంది. సొంత మనుషుల ఆట చెడాలని కోరుకుంటున్నందుకు సిగ్గేసింది. కోరిక మాత్రం పోలేదు. పండుగ నాడు అందరికంటే ముందే వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది.

పట్టాభిషేకం వచ్చింది. ఎల్లయ్య గిన్నె ఎత్తాడు. ఎత్తి, నోటి దగ్గరికి తీసుకుపోకుండా ఎడమ పక్కకు చాపాడు. ఏటా ఆమె గిన్నె లాక్కోవడానికి నిలబడే చోటుకు. చాపి ఆగాడు. రుక్మాబాయి కుడి చెయ్యి ఒడిలోంచి దానంతటదే లేచింది. హార్మోనియం ఒక్క స్వరం మీదే నిలబడిపోయింది.

ఎల్లయ్య గిన్నె వెనక్కి తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకొని కనుబొమలు ముడిచాడు. "ఈ పాలలో విషపు వాసన," అన్నాడు. పాలు నేల మీదికి విసిరికొట్టాడు. ఈలలు మోగాయి. రెండు పద్యాలకు వన్స్ మోర్ పడింది.

"ఈసారి మంచిగుంది. ఎక్కడ గూడ బోర్ కొట్టలే," అంది వెనక కుర్చీలో ఎవరో ఆడమనిషి.

పంతులు చెప్పినట్టే ఆమెను తీసి చూశారు. ఏమీ కూలలేదు.

హారతి అయ్యాక ఆమె తెర వెనక్కి వెళ్లింది. ఎల్లయ్య మెడ నిండా దండలున్నాయి.

"బావా, గిన్నె పక్కకెందుకు చాపినవ్?"

"ఎప్పుడు?"

"వాసన చూసే ముందల. నా దిక్కు."

"నేనా? లేదు తీ." ఓ దండ తీసి పక్కన పెట్టాడు. "మైకు వైరు అడ్డమొచ్చిందేమో." ఎవరో ఫోటోకు పిలిస్తే కిరీటం సర్దుకుంటూ పోయాడు.

ఆమె తెర పక్కగా స్టేజీ మీదికి చూసింది. సింహాసనం ముందు పాలు మడుగు కట్టి ఉన్నాయి. పొద్దున సాయికుమార్ ఆమె ఫ్రిజ్‌లోంచే తీసుకుపోయిన పాకెట్ పాలు. టెంట్‌హౌస్ వాళ్లు కుర్చీలు మోస్తూ వాటిలోంచే నడిచిపోతున్నారు. పాలు తొక్కకూడదు. అది వాళ్లకు తెలియదు, చెప్పేవాళ్లూ లేరు. రుక్మాబాయి ఓ పాత గుడ్డ వెతికి తెచ్చుకుంది. ఒక చేత్తో మోకాలు పట్టుకొని, ఎప్పుడూ తాను పడిపోయే మెట్ల దగ్గరే వంగి తుడవసాగింది.

"అమ్మా, జర జల్ది. లైట్లు ఇప్పాలె," అన్నాడు నిచ్చెన మీద ఉన్నాయన.

ఆమె తలాడించింది. సింహాసనం మీది లైటు పోయింది. తడి ఎక్కడుందో అరచేత్తో తడుముకుంటూ, తుడుస్తూనే ఉంది.