ఫొటో కోసం బిగించిన పెట్టె

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నా మొహం మీరు చూడరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

తిరుపతిలో ఉంటాను. మిద్దెల మీద సోలార్ పలకలు బిగించడం నా పని. పలకల పక్కనే ఎర్ర పిడి ఉన్న స్విచ్చు పెట్టె ఒకటి ఉండాలి. కింద మెయిన్ ఆపేసినా, ఎండ ఉన్నంతసేపు పలకల నుంచి వచ్చే తీగలో కరెంటు ఉంటుంది. దాన్ని ఆపేది ఆ పెట్టె ఒక్కటే. ఇది నాకు తెలియక కాదు.

ఆ వేసవిలో పెట్టెలు దొరకలేదు. నా దగ్గర ఒక్కటే మిగిలింది. పని పూర్తయినట్టు కంపెనీకి ఫొటో పంపితే చాలు కాబట్టి, దాన్నే ప్రతి మిద్దె మీదా రెండు స్క్రూలతో బిగించి, ఇంటాయన్ను పక్కన నిలబెట్టి ఫొటో తీసి, ఆయన దిగిపోగానే విప్పి సంచిలో వేసుకునేవాణ్ని. తీగలు నేరుగా కలిపేసేవాణ్ని. స్టాకు వచ్చాక వచ్చి పెడదాంలే అనుకున్నాను. స్టాకు వచ్చింది. నేను వెళ్లానా? ఎండ, బద్ధకం, ఎవరూ అడగలేదన్న ధీమా. ఏ పేరు పెట్టుకున్నా వెళ్లలేదు.

ఆ ఇళ్లలో చిత్తూరులోని ఖాజా భాయ్ ఇల్లు ఒకటి. ఆయన టైలరు. ఫొటో బాగుంటుందని ఆయన కుడిచెయ్యి ఎర్ర పిడి మీద పెట్టించాను. ఏమన్నా అయితే దీన్ని తిప్పేయమని పెద్ద తెలిసినవాడిలా చెప్పాను కూడా. ఆయన నాకు టీ తెస్తానని కిందికి దిగాడు. తెచ్చేలోపు పెట్టె నా సంచిలో ఉంది. ఆ టీ తాగాను.

ఏడాది తిరక్కముందే ఒక మధ్యాహ్నం మిద్దె మీద తీగల అతుకు దగ్గర పొగ లేచింది. ఆయన మెయిన్ ఆపి, నా మాట గుర్తుపెట్టుకుని పైకి పరుగెత్తాడు. గోడకు రెండు రంధ్రాలే ఉన్నాయి. కంగారులో తీగను చేత్తో లాగాడు. మంట లేచి చెయ్యి కాలింది. ఇప్పటికీ ఆ చేతి వేళ్లు రెండు వంగవు. కత్తెర పట్టలేడు.

కబురందగానే వెళ్లాను. కట్టు కట్టిన చేత్తో ఆయన గోడ చూపించాడు.

"పెట్టె ఉన్నింది కదబ్బా, నేనే సెయ్యి పెట్టి ఫొటో దిగినా. యాడికి పోయింది? ఈ మిద్దెక్కేది మా బామ్మర్ది ఒక్కడే. వాడే అమ్ముకున్నాడేమో. నువ్వు బిగించే పోయినావు కదా?"

"బిగించే పోయినా భాయ్."

అంతే. బామ్మర్ది అంటే ఆయన భార్య తమ్ముడు, పైగదిలో ఉండేవాడు. ఒట్టేసి చెప్పినా ఎవరూ నమ్మలేదు. గది ఖాళీ చేసి నాయుడుపేటకు వెళ్లిపోయాడు. అక్కకు ఫోన్ కూడా చేయడు. అతన్ని దొంగను చేసింది ఖాజా భాయా, నేనా?

ఆ వారమే సర్వీసు వంకతో మిగతా ఇళ్లన్నీ తిరిగి పెట్టెలు బిగించాను. ఖాజా భాయ్ మిద్దె మీద మాత్రం ఆ పాత పెట్టెనే, కొత్తదని చెప్పి, ఆ రెండు రంధ్రాల్లోనే బిగించాను. స్క్రూలు సరిగ్గా పట్టాయి. నేను మంచోణ్నని ఆయన వీధంతా చెప్పాడు.

అక్కడితో అయిపోలేదు. మళ్లీ దొంగ పడతాడని ఆయన ఆ పెట్టె చుట్టూ ఇనుప జాలీ చేయించి తాళం వేశాడు. తాళంచెవి రెండు వీధుల అవతల ఆయన దుకాణంలో ఉంటుంది. పగలంతా ఇంట్లో ఆయన భార్య ఒక్కతే. మళ్లీ పొగ లేస్తే ఆమె ఏం తిప్పుతుంది? పలకలు కడగడానికి వెళ్లిన ప్రతిసారీ ఆ తాళం చూస్తాను. ఒకసారి ధైర్యం చేసి తాళం వద్దన్నాను. మళ్లీ ఎత్తుకుపోతే ఎవరిది పూచీ అని అడిగాడు. ఎవరూ ఎత్తుకుపోరని నేనెలా చెప్పగలను, అది నాకెలా తెలుసో చెప్పకుండా? బకెట్ తీసుకుని దిగి వచ్చేశాను. ఆనాడు తప్పించుకున్నాననుకున్నాను. ఎటు తిరిగినా ఆ మిద్దె మీదే తేలుతున్నాను.

క్షమించమని అడగను. ఇదంతా రాశాక గుండె కాస్త తేలికైంది, ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని తెలిసినా. ఆయన ముందు నోరు పెగలని మాటను మీ దగ్గర ఒకసారి అని చూస్తాను.

ఖాజా భాయ్, ఆ పెట్టెను ఎవురూ ఎత్తుకపోలేదు. నువ్వు టీ తెచ్చే లోపల నేనే విప్పుకున్నా. ఆ తాళం తీసెయ్.